మా అమ్మాయి ఎన్నో స్థానం

15 జూన్ 2025, ఆదివారం

ఇవాళ నా ఆదివారం సత్సంగం అదిరింది. నా గురించి నేను చెప్పుకోకూడదు. కానీ ఇది నా డైరీ, ఇక్కడ కూడా చెప్పుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకోవాలి?

విషయం చదువు. జులై అయిదున మన తెలుగు సంఘం స్నాతకోత్సవం పెడుతోంది. ఈ జర్మనీ దేశంలో మన పిల్లల్లో చాలామందికి పట్టా పోస్టులో వస్తుంది. కరెంటు బిల్లు పడే డబ్బాలోనే మాస్టర్స్ పట్టా కూడా పడుతుంది. గౌను లేదు, టోపీ లేదు, ఊళ్ళో అమ్మానాన్నలు ఫోనులో పెట్టుకోడానికి ఒక ఫొటో లేదు. అందుకని సంఘం అధ్యక్షుడు రవీంద్రనాథ్ గారు మేముండే ఇంగోల్‌స్టాట్‌లోనే హాలు మాట్లాడి, గౌనులు ఆన్‌లైన్లో తెప్పించి, ఆ పండగేదో మనమే చేద్దామన్నారు. స్నాతకోపదేశం నాది. ఆయనే అడిగారు. నేను అడగలేదు, రెండుసార్లు గుర్తు చేశానంతే.

మొదటి స్థానం వచ్చినవారికి శాలువా అని ప్రకటించి, సత్సంగం చివర పిల్లల్ని వరసగా నిలబెట్టి ఎవరికెంత వచ్చిందో అడిగాను. కౌశల్ ఒకటీ పాయింటు ఒకటి అన్నాడు. గుంటూరు కుర్రాడు, తెలివైనవాడనుకున్నాను. పైగా నవ్వుతూ చెప్పాడు. అక్షయకి రెండు, విక్రాంత్‌కి రెండున్నర. చివర నిలబడ్డ రుచిత తల వంచుకుని మూడూ పాయింటు ఏడు అంది. అంత సాధించి ఆ వినయం! విద్య వినయాన్నిస్తుందని పెద్దలు ఊరికే అన్నారా?

ఆ పిల్లని పక్కన నిలబెట్టుకుని అరగంట మాట్లాడాను. సిద్దిపేట నుంచి వచ్చి జర్మన్ల గడ్డ మీద మొదటి స్థానం కొట్టిన తెలుగుబిడ్డని చూసి సిగ్గు తెచ్చుకోండి అని మిగతావాళ్ళకి చెప్పాను. కౌశల్‌ని మాత్రం భుజం తట్టి ఓదార్చాను. పడ్డవాడికి లేవడం నేర్పేదే అసలు చదువు నాయనా, నిరాశ పడకు అన్నాను. పిల్లలంతా కదిలిపోయారు. కొందరు మొహం చేతుల్లో దాచుకుని వంగిపోయారు. భుజాలు కూడా అదిరాయి.

రుచిత అయితే ఏడ్చేసింది. ఎవరో తీసిన వీడియో అప్పుడే అందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయింది.

16 జూన్, సోమవారం

ఆఫీసుకి రైల్లో ఉపదేశం సాధన చేశాను, మనసులోనే. ఎదురు సీటు ముసలావిడ పెదాల మీద వేలు పెట్టి చూపించింది. మనసులోది బయటికి వస్తున్నట్టుంది.

17 జూన్, మంగళవారం

మా ఆవిడ భానుమతి ఇవాళ ఆ వీడియో చూసింది. మొత్తం చూసింది, మధ్యలో ఆపలేదు. తర్వాత ఉల్లిపాయలు తరుగుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

“ఏవండీ, ఇక్కడ ఒకటే గొప్పని మీకు తెలియదా?”

ఏమిటి గొప్ప అన్నాను.

“ఒకటి వస్తే అందరికన్నా పైన. నాలుగు దాటితే తప్పినట్టు. మా జర్మన్ క్లాసులో కూడా అంతే.”

“మరి మూడూ పాయింటు ఏడు?”

“గట్టెక్కింది పాపం.”

నాలుగేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను. ఉద్యోగం చేయించుకున్నారే గాని నాకెవరూ పరీక్ష పెట్టలేదు. మా చిన్నది ఇంకా కీటాకే, అంటే ఇక్కడి ఆటల బడికే వెళుతోంది, అక్కడ మార్కులుండవు. నాకెలా తెలుస్తుంది? అయినా ఎక్కువ సంఖ్య తక్కువ అవడం ఏం ధర్మం?

అంటే కౌశల్ ఫస్టు. ఆ కౌశల్‌ని నేను ఓదార్చాను.

18 జూన్, బుధవారం

కౌశల్‌కి ఫోన్ చేసి క్షమించమన్నాను. “అయ్యో అంకుల్, మీరు నన్ను ఓదార్చిన ముక్క కట్ చేసి మా అమ్మకి పంపాను. నిన్నటినుంచీ నవ్వతానే ఉంది,” అన్నాడు. శాలువా సంగతి పట్టించుకోవద్దు, రుచితను మాత్రం ఏమీ అనొద్దు అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు.

నేనెందుకు అంటాను? తప్పు నాది. ఆదివారం అందరి ముందూ దిద్దుకుంటానని కౌశల్‌కీ చెప్పాను. నిజం చెప్పు, ధర్మంగా నడువు. చదువు ముగించిన శిష్యుణ్ణి ఇంటికి పంపుతూ ఉపనిషత్తులో గురువు చెప్పే మొదటి మాటలివే. ఈ రెండు ముక్కల మీదే కదా నేను జులైలో మాట్లాడబోయేది.

19 జూన్, గురువారం

ఇవాళ ఇక్కడ క్రైస్తవుల పండగ, ఆఫీసుకి సెలవు. మా వీధిలోంచి ఊరేగింపు వెళ్ళింది. ఫాదరు గారికి మైకు చిన్నది. జాలేసింది.

మధ్యాహ్నం రుచిత వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, “అంకుల్, మీరు దిద్దకండి,” అంది.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక మెల్లగా చెప్పుకొచ్చింది. ముందు మెకానికల్ చదవడానికి వచ్చిందట. ఒక సబ్జెక్టు ఉండిపోయింది. రెండోసారీ పోయింది, మూడోసారీ పోయింది. మూడుసార్లు తప్పితే పేరు తీసేస్తారు, ఆ చదువు ఈ దేశంలో మరెక్కడా చదవనివ్వరు. ఇంట్లో చెప్పలేదు. ఏడాదిపాటు పొద్దున్నే బేకరీలో రొట్టెలమ్మి, సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి క్లాసులు బాగా జరుగుతున్నాయని చెప్పింది. తర్వాత సరుకు రవాణాకి సంబంధించిన కోర్సేదో దొరికితే మొదటి సెమిస్టరు నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఈలోగా ఊళ్ళో ఎవరి కొడుకో నోరు జారాడు. తండ్రి భాస్కర్ రావు గారు లెక్కల మాస్టారు, రిటైరయ్యారు. ఆ రోజునుంచీ కూతురితో మాట మానేశారు.

“రెండేండ్లయింది అంకుల్. అమ్మతోని మాట్లాడుతుంటే పక్కకెళ్ళి దగ్గుతడు, గంతే. మీ వీడియో చూసి మొన్న తానే ఫోన్ చేసిండు. తిన్నవా బిడ్డా అని అడిగిండు.”

మార్కుల గురించి అడిగారా అన్నాను. అడగలేదట.

నేను సత్యం గురించి చెప్పాను. ఇలాంటి మాటలు నాకు వెతుక్కోనక్కర్లేదు, బాగానే చెప్పాను. అంతా విని, “ఫంక్షన్ అయిపోనీయండి, తర్వాత నేనే చెప్త,” అంది. తర్వాత అనే మాటకి తారీఖుండదమ్మా అన్నాను. కుదరదు, ఆదివారం దిద్దేస్తాను అని తేల్చి చెప్పాను.

మా చిన్నది బొమ్మతో వచ్చి నా మోకాలు తట్టి “పాపా, లైజర్” అంది. జర్మన్‌లో, నాన్నా మెల్లగా అని. అరుస్తున్నట్టు నాకు తెలియలేదు.

భానుమతి ఆ పిల్లకి పెరుగన్నం కలిపి మాగాయ వేసి పెట్టింది. తలెత్తకుండా తింది. వెళ్ళేటప్పుడు చూద్దాంలే అన్నాను. చూద్దాం అంటే ఒప్పుకున్నట్టు కాదు.

22 జూన్, ఆదివారం

సత్సంగంలో దిద్దుబాటుకి టైము సరిపోలేదు. మౌనం మీద చాలాసేపు మాట్లాడవలసి వచ్చింది.

24 జూన్, మంగళవారం

ఆఫీసు దగ్గర ఉంటర్‌ఫ్యోరింగ్ స్టేషన్లో ఇంటి రైలుకోసం నిలబడి ఉంటే ఇండియా నంబరునుంచి ఫోను. సిద్దిపేట నుంచి భాస్కర్ రావు గారు.

ఏం చెప్పాలో తెలియక ఎండల గురించి అడిగాను. వానలు మొదలయ్యాయన్నారు. తర్వాత తిన్నగా విషయానికొచ్చారు.

“నేను జిందగంత లెక్కలు చెప్పిన సార్. మీ వీడియోల మూడూ పాయింట్ ఏడు అని వినంగనే ఆ దేశం లెక్క ఏందో నెట్‌ల చూసిన. నా బిడ్డ అంచు మీద పాసైంది.”

ప్లాట్‌ఫారం మీదే తల వంచాను, ఆయనకి కనబడదని తెలిసినా. నా అజ్ఞానం వల్ల మీ కుటుంబానికి ఇబ్బంది కలిగిందన్నాను.

“మీ తప్పు నాకు మంచిగనే అక్కెరకొచ్చింది. ఫోన్ చేసెటందుకు నాకో సాకు దొరికింది. రెండేండ్లసంది ఎతుకుతున్న.”

మరి కోపం పోయినట్టేనా అన్నాను. రైలొచ్చింది. ఎక్కలేదు.

“బడిల తప్పు జవాబు చెప్పినోణ్ణి నేనెన్నడు కొట్టలే సార్. పలక దాచినోణ్ణి కొట్టిన. ఆమె ఫెయిలైందని కాదు నా బాధ, దాచింది. ఈసారన్న తనంతట తాను చెప్తదేమో చూస్తున్న. నాకు ఎరికేనని ఆమెకు చెప్పకుండ్రి. జెర మాటియ్యుండ్రి.”

ఇచ్చాను. ఇవ్వకుండా ఎలా ఉంటాను?

కూతురికి ఒక చూద్దాం, తండ్రికి ఒక మాట. వాక్కుకి కూడా తపస్సుందని శాస్త్రం. ఎవర్నీ నొప్పించనిదీ, నిజమైనదీ, ప్రియమైనదీ, మేలు చేసేదీ పలకాలట. నాలుగూ ఒకేసారి కుదిరే వాక్యం కోసం ఇంగోల్‌స్టాట్ దాకా ఆలోచించాను. దొరకలేదు.

25 జూన్, బుధవారం

భానుమతికి చెప్పేశాను. అది మాట తప్పడం కాదు. ఆమె రుచిత కాదు కదా.

“ఊరందరికీ నోరు విప్పి చెప్పే మనిషికి నోరు మూసుకునే పని పడింది,” అని చాలాసేపు నవ్వింది. ఆ నవ్వులో నాకంత అర్థం కనబడలేదు.

28 జూన్, శనివారం

గౌనులొచ్చాయి. రవీంద్రనాథ్ గారింట్లో అందరూ వేసుకు చూశారు. అమ్మినవాడు జర్మన్ల ఎత్తుకి కుట్టించినట్టున్నాడు, అక్షయ గౌను వెనకాల నేలంతా ఊడుస్తూ వచ్చింది. ఆమె మొగుడు చంకలో పిల్లాడితో వెనకే నడుస్తూ గౌను పట్టుకున్నాడు. థీసిస్ ఇచ్చి ఇంటికొచ్చాక అదే రాత్రి కాన్పుకి ఆస్పత్రికి వెళ్ళిందట. ముందు ఏది పూర్తవుతుందా అని ప్రొఫెసరూ డాక్టరూ ఇద్దరూ కంగారు పడ్డారట.

విక్రాంత్ రెండేళ్ళూ పార్సిళ్ళ గోడౌనులో రాత్రి డ్యూటీ చేశాడు. ఒకసారి క్లాసులోనే నిద్రపోయాడు. లేచేసరికి ఎవరూ లేరు, లైట్లు ఆర్పేసి ఉన్నాయి, ప్రొఫెసరు తలుపు చప్పుడవకుండా వేసి వెళ్ళిపోయాడు. చెబుతూ వాడే నవ్వాడు. కౌశల్‌కి చెప్పడానికేమీ లేదు. చదివాడు, వచ్చింది. అదీ ఒక దారే. అందుకు వాడు కాస్త మొహమాటపడుతున్నాడు కూడా.

ఇవన్నీ నాకు ఇన్నాళ్ళూ తెలియవు. ప్రతి ఆదివారం నా ముందు కూర్చునేవాళ్ళే. మాట్లాడేది నేనే అయిపోయాను.

రుచితను పక్కకి పిలిచి, పేర్లు లేకుండా ఒక కథ చెప్పాను. ఒక తండ్రి, ఒక కూతురు, ఒక నిజం. నా దృష్టిలో చాలా సూక్ష్మంగా చెప్పాను. ఆ పిల్ల టోపీ తీసి నా మొహంలోకి చూసింది.

“అంకుల్, నాన్న మీకేమన్న ఫోన్ చేసిండా?”

దగ్గొచ్చింది. గట్టిగానే వచ్చింది. భానుమతి నీళ్ళు తెచ్చేలోపు రుచితను ఫొటోకి పిలిచారు. దగ్గు అబద్ధం కిందికి రాదు.

రవీంద్రనాథ్ గారు నా ఉపదేశానికి పది నిమిషాలన్నారు. పోయినేడాది ఉగాదికి అన్నం చల్లారిపోయిందని గుర్తు చేశారు. పది నిమిషాల్లో ఏ ఉపనిషత్తు పూర్తవుతుంది అన్నాను. పూర్తి చెయ్యమని ఎవరడిగారండీ అన్నారు.

2 జులై, బుధవారం

గురువు శిష్యుణ్ణి పంపేటప్పుడు చెప్పిన మాటలు మళ్ళీ చదివాను. అమ్మ దేవత, నాన్న దేవుడు, గురువు దేవుడు, అతిథి దేవుడు. నేనెప్పుడూ అక్కడే పుస్తకం మూసేస్తాను, చప్పట్లు అక్కడే పడతాయి గనక. ఇవాళ మూయలేదు.

ఆ తర్వాత గురువంటాడు: మాలో మంచి పనులుంటే అవే అనుసరించు, తక్కినవి వద్దు. ఇంకా కింద అంటాడు: ఎప్పుడైనా ఏం చెయ్యాలో తోచకపోతే, నీ దగ్గర్లో బాగా ఆలోచించేవాళ్ళు, కటువు కానివాళ్ళు ఏం చేస్తారో చూసి అలా చెయ్యి.

కటువు కానివాళ్ళు. అక్కడ చాలాసేపు ఆగాను. ఇన్నేళ్ళ ప్రవచనాల్లో ఈ మాట నా నోట రాలేదు.

ఈ ఊళ్ళో అలాంటివాళ్ళెవరా అని ఆలోచించాను. వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. వెళ్ళి అడిగాను.

“మీ తప్పు మీరు దిద్దుకోండి. ఆ పిల్ల తప్పు ఆ పిల్లకి వదిలెయ్యండి,” అంది. “కౌశల్ శాలువా కౌశల్‌కి ఇవ్వాలి కదా. ఇస్తారని రుచితకి ముందే చెప్పండి. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకండి.”

ఒక్క ముక్కేనా అన్నాను. సగం అయితే ఇంకా మంచిదంది.

3 జులై, గురువారం

రుచితకి ఫోన్ చేశాను. శనివారం నా పొరపాటు నేను చెప్పి శాలువా కౌశల్‌కి కప్పుతాను, నీ మార్కులు నేను చెప్పను అన్నాను. నాన్న వీడియోలో చూస్తుంటాడు అంకుల్ అంది. తెలుసన్నాను. నేనే ముందు ఫోన్ పెట్టేశాను. ఇది నా జీవితంలో మొదటిసారి అనుకుంటాను.

4 జులై, శుక్రవారం

రుచిత ఇంకా చెప్పలేదు. నేను అడగలేదు. ఫోన్ తీశాను, పెట్టేశాను. మళ్ళీ తీశాను. భానుమతి లాక్కుంది.

6 జులై, ఆదివారం

నిన్న రాయలేకపోయాను.

ఉపదేశం సంగతి ముందే చెప్పేస్తాను. ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు కూడా. అందరూ అన్నం వేడిగా తిన్నారు, రవీంద్రనాథ్ గారు ఎదురొచ్చి చెయ్యి కలిపారు.

హాలు నిండింది. వేదిక వెనక తెర మీద ఊళ్ళనుంచి తల్లిదండ్రుల మొహాలు చిన్నచిన్న గళ్ళలో కనబడ్డాయి. ఒక గడిలో కౌశల్ వాళ్ళమ్మ నన్ను చూడగానే మళ్ళీ నవ్వడం మొదలెట్టింది. ఒక గడిలో ఎవరిదో సీలింగు ఫ్యాను తిరిగింది. భాస్కర్ రావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బడిలో ఫొటోకి కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

మైకు తీసుకున్నాను. ఈ దేశంలో అంకెలు ఎటునుంచి ఎటు నడుస్తాయో తెలియకుండా మొన్న పెద్ద మాటలు మాట్లాడాను, ఇక్కడ ఒకటే అన్నిటికన్నా పైన, మొదటి స్థానం కౌశల్‌ది అన్నాను. హాలంతా పడి పడి నవ్వింది. నవ్వనిచ్చాను. కౌశల్‌కి శాలువా కప్పి, ఓదార్పు వెనక్కి తీసుకుంటున్నాను నాయనా అంటే ఇంకా నవ్వారు.

తర్వాత ఒక్కొక్కరినీ పిలిచాము. అక్షయ పిల్లాణ్ణెత్తుకునే వచ్చింది, వాడు టోపీ కుచ్చు నోట్లో పెట్టుకున్నాడు. విక్రాంత్‌కి గోడౌనులో తోటివాళ్ళు వెనకనుంచి ఈలలేశారు. రుచిత చివర వచ్చింది. నేను అన్నమాట ప్రకారం పేరు, ఊరు, కోర్సు మాత్రం చెప్పాను. ఫొటో తీశారు. అయిపోయింది, దిగిపోవచ్చు. ఒక అడుగు వేసింది కూడా.

అప్పుడు తెర మీంచి భాస్కర్ రావు గారి గొంతు వచ్చింది.

“సార్, మా అమ్మాయి ఎన్నో స్థానం?”

హాల్లో ఒక్క గిన్నె చప్పుడు కూడా లేదు. పిల్లలందరికీ జవాబు తెలుసు. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయనకి తెలుసని ఆ పిల్లకే తెలియదు. జవాబు నా నాలుక చివరన ఉంది. కూతుర్ని కాపాడే జవాబు ఒకటి, తండ్రిని తృప్తిపరిచే జవాబు ఒకటి, పైన రెండు శ్లోకాలు కూడా సిద్ధంగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో నా చేతిలోంచి మైకు తీసుకోవలసిన ప్రతివాళ్ళూ లాక్కునే తీసుకున్నారు. నిన్న నేనే దాన్ని ఆ పిల్ల ముందు పెట్టాను.

రుచిత మైకు తీసుకుంది. తర్వాత వెనక్కి తిరిగి తెర వైపు చూసింది. వీపు మాత్రమే కనబడుతోంది మాకు.

“చివరిది నాన్న.”

ఆయన కుర్చీలో ముందుకి వంగారు.

“మూడూ పాయింట్ ఏడు. నాలుగు దాటితే ఫెయిలు. మొదటి స్థానమని అంకుల్ అన్నరోజే తప్పని నాకు తెలుసు. నువ్వు మాట్లాడుతున్నవని చెప్పలే. మెకానికల్ల మూడుసార్లు ఫెయిలైన, అదీ చెప్పలే. మళ్ళ దాచిన.” టోపీ తీసింది. “ఇంకేం లేదు నాన్న దాచింది. ఇదే ఆఖరుది.”

భాస్కర్ రావు గారు కళ్ళజోడు తీశారు. చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పక్కనుంచి ఆవిడెవరో, రుచిత అమ్మే కాబోలు, ఏదో అనబోతే చేత్తో ఆపారు. తర్వాత బడిలో వెనక బెంచీ దాకా వినబడే గొంతుతో అన్నారు.

“కరెక్ట్. ఇగ కూసో బిడ్డా.”

వేదిక మీద కుర్చీ లేదు. ఆ పిల్ల ఒకసారి అటూ ఇటూ చూసి, గౌను సర్దుకుని, వేదిక మెట్టు మీదే కూర్చుంది.